క్లెరిక్ మంత్రం: చెరువు ఎవరిది, తూము తాళం ఎవరి దగ్గర?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేస్తూ ఆడే ఆట; అందులో దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర పేరు క్లెరిక్, పాత్ర ఎదిగిన మెట్టు పేరు లెవెల్. ఐదో లెవెల్ క్లెరిక్ ఒకామె తను కొలిచే దేవుడి గుడికే నిప్పు పెట్టిందనుకుందాం. తెల్లారాక ఎప్పటిలాగే కూర్చుని ఆ రోజు మంత్రాల జాబితా రాసుకుంటోంది: బ్లెస్, స్పిరిచువల్ వెపన్, రివివిఫై. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఆట నడిపే డంజన్ మాస్టర్ మొహం చూస్తారు. ఆ మంత్రాలు పలుకుతాయా? డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి ఆటగాళ్ల పుస్తకంలో క్లెరిక్ భాగమంతా చదివినా దీనికి జవాబు దొరకదు. దేవుడికి కోపం వస్తే శక్తి పోతుందని అందులో లేదు, పోదనీ లేదు.

అందుకే ఈ విషయం మీద వాదన మొదలైతే తెమలదు. ఒకరు 1979 నాటి నియమం మనసులో పెట్టుకుని మాట్లాడతారు, ఇంకొకరు 2000 నాటిది, మరొకరు 2008 నాటిది. ముగ్గురూ చెప్పేది నిజమే, కానీ ముగ్గురూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. 'క్లెరిక్‌కు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది' అన్న ఒక్క మాటలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. చెరువు కింద సాగు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్లు నిలిచిన చెరువు వేరు, ఆ నీళ్లను పొలానికి తెచ్చే కాలువ వేరు, తూము ఎత్తే దించే అధికారం వేరు. చెరువు ఊరందరిదీ అయినా తూము దగ్గర నీరటి ఉంటాడు. కాలువ పూడిపోతే చెరువు నిండుగా ఉన్నా పొలం ఎండుతుంది. క్లెరిక్ విషయంలోనూ శక్తి పుట్టేచోటు, అది చేతిదాకా వచ్చే దారి, దాన్ని ఆపగల అధికారం అని మూడింటినీ విడదీసి చూస్తే ఎడిషన్ల మధ్య వైరుధ్యాలు చాలావరకు విడిపోతాయి.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. క్లెరిక్ పుట్టింది వేదాంతం లోంచి కాదు, ఆటలో వచ్చిన ఒక అవసరం లోంచి. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకడైన డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో ఒక ఆటగాడు సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి పాత్ర వేసి, మిగతావాళ్లకు అందనంత బలవంతుడైపోయాడు. అతన్ని ఎదిరించడానికి, సినిమాల్లో కనిపించే పిశాచ వేటగాడి పోలికలతో, ఒక పూజారి పాత్రను తయారుచేశారు. 1974లో ఆట అచ్చయినప్పుడు ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్‌లతో పాటు మూడో వర్గం క్లెరిక్. చేతిలో సిలువ, శవపిశాచాలను తరిమే శక్తి, మొద్దు ఆయుధాలు మాత్రమే. మొదటి లెవెల్లో అసలు మంత్రమే లేదు. రెండో లెవెల్లో మొదటిది వచ్చేది. ఏ దేవుడు ఇస్తున్నాడో పుస్తకం చెప్పలేదు.

అయినా తూము ఆనవాలు అప్పుడే ఉంది. ఏడో లెవెల్ నుంచి క్లెరిక్ ధర్మం వైపో, అరాచకం వైపో తేల్చుకోవాలి. పేట్రియార్క్ అనే పై స్థాయికి చేరి కోట కట్టుకుంటే 'పైనుంచి' సాయం అంది సగం ఖర్చుకే పూర్తవుతుంది, నమ్మిన సైనికులు వచ్చి చేరతారు. ఆ తర్వాత పక్షం మారితే అవన్నీ వెంటనే పోతాయి. ఇచ్చేది ఎవరో పేరు లేకపోయినా, వెనక్కి తీసుకునే చేయి ఒకటుందని మొదటి పుస్తకమే చెప్పిందన్నమాట.

అసలైన జవాబు 1979లో, మరో సృష్టికర్త గ్యారీ గైగాక్స్ రాసిన అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ డంజన్ మాస్టర్ల పుస్తకంలో వచ్చింది. ఇంతవరకు వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే, ఎందుకంటే ఇది మూడు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెబుతుంది. ముందుగా ఒక మాట: పాత్ర లెవెల్ వేరు, మంత్రం స్థాయి వేరు. అప్పటికి క్లెరిక్ మంత్రాలు 7 స్థాయిలు. వాటిలో 1, 2 స్థాయిల మంత్రాలు క్లెరిక్ చదువు వల్ల, అభ్యాసం వల్ల, భక్తి వల్ల వస్తాయి, ఎవరినీ అడగనక్కర్లేదు. 3, 4, 5 స్థాయిలవి దేవుడి దూతలు ఇస్తారు. 6, 7 స్థాయిలవి స్వయంగా దేవుడే ఇవ్వాలి.

దీని పర్యవసానం చూడండి. గుడి తగలబెట్టిన మన క్లెరిక్ ఈ నియమం కింద ఉంటే పొద్దున్నే లేచి ప్రార్థించినప్పుడు 1, 2 స్థాయిల మంత్రాలు మామూలుగా వస్తాయి, అవి తన సొంతం కాబట్టి. 3వ స్థాయికి వెళ్లేసరికి దూత ఎదురుగా నిలబడి లెక్క అడుగుతాడు. దోషం చిన్నదైతే ప్రాయశ్చిత్తం చెప్పి ఇస్తాడు, పెద్దదైతే ఇవ్వడు. 6, 7 స్థాయిలకు ఎదిగిన క్లెరిక్ తప్పు చేస్తే దేవుడే త్యాగం అడగవచ్చు, కఠినమైన పని మీద పంపవచ్చు, పూర్తిగా వదిలేయనూ వచ్చు. అంటే ఎంత పైకి ఎక్కితే అంత పరాధీనత. చిన్న క్లెరిక్‌కు ఉన్న స్వేచ్ఛ పెద్ద క్లెరిక్‌కు లేదు. శిక్ష కూడా ఉందా పోయిందా అన్నట్టు ఉండదు. పైమెట్టు నుంచి కిందికి ఒక్కొక్క మెట్టే మూసుకుపోతుంది. ఆట నడిపేవాడికి ఇంతకన్నా పనికొచ్చే సాధనం తర్వాతి 45 ఏళ్లలో ఎవరూ ఇవ్వలేదు.

1980లో వచ్చిన దేవతల పుస్తకం ఇంకో మెట్టు కలిపింది. దేవుడి హోదాను బట్టి ఇవ్వగల మంత్రానికి పైహద్దు: అర్ధదేవతలు 5వ స్థాయి వరకే, చిన్న దేవతలు 6 వరకు, పెద్ద దేవతలు మాత్రమే 7. కాబట్టి ఊరి చివర చిన్న దేవతను కొలిచే క్లెరిక్ ఎంత తపస్సు చేసినా చివరి మంత్రం అందదు. చెరువు ఎంత పెద్దదో అంతే పారకం. ఆ పుస్తకంలోనే గ్రీకు, ఈజిప్టు దేవతలతో పాటు ఇంద్రుడు, అగ్ని, వరుణుడు లాంటి మన దేవతలకూ యుద్ధబలం, ప్రాణశక్తి అంకెల్లో కట్టారు. అంకెలైతే కట్టారు గానీ, దేవుడికీ మంత్రానికీ మధ్య సంబంధం మాత్రం మన దగ్గరున్నంత సూక్ష్మంగా అందులో లేదు.

ఆ సూక్ష్మం ఇక్కడ పనికొస్తుంది, అందుకే కొంచెం ఆగుతాను. హిరణ్యకశిపుడికి వరమిచ్చిన బ్రహ్మ దాన్ని వెనక్కి తీసుకోలేడు. ఇచ్చిన మాటలో సందు వెతికి నరసింహుడు రావాలి తప్ప వరం రద్దు కాదు. కర్ణుడి సంగతి వేరు. విద్య నేర్చుకున్నాడు, అది అతనిదే, కానీ అబద్ధమాడి నేర్చుకున్నందుకు సరిగ్గా కావలసిన వేళకు గుర్తురాకుండా పోతుందని పరశురాముడు శపించాడు. ఇక పూర్వమీమాంసకుల దృష్టిలో యాగఫలం ఇచ్చేది దేవత అనుగ్రహం కాదు, సక్రమంగా చేసిన కర్మ నుంచి పుట్టే అపూర్వం. తిరిగి తీసుకోలేని వరం, షరతు మీద ఆగే విద్య, దేవత అవసరమే లేని కర్మశక్తి: ఈ మూడు నమూనాలూ తర్వాతి ఎడిషన్లలో ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.

1989లో వచ్చిన రెండో ఎడిషన్ పుట్టేచోటును పెద్దగా కదిలించలేదు గానీ కాలువలను వేరుచేసింది. మంత్రాలను స్ఫియర్లు అనే గుంపులుగా విభజించి, ఏ దేవుడి పూజారికి ఏ స్ఫియర్ అందుతుందో నిర్ణయించింది. యుద్ధదేవత పూజారికీ పంటలదేవత పూజారికీ ఒకే జాబితా ఉండటం అక్కడితో ఆగింది. దేవుడు కాకుండా ఒక శక్తినో, తత్వాన్నో కొలిచే పూజారులకూ ఆ ఎడిషన్ అనుబంధ పుస్తకాల్లో చోటు దొరికింది.

2000లో మూడో ఎడిషన్ దాన్ని మూల పుస్తకంలోకే తెచ్చింది: క్లెరిక్‌కు దేవుడు ఉండి తీరాలని లేదు. ఒక ధర్మాన్నో ఆదర్శాన్నో నమ్మి, రెండు డొమైన్లు (దైవశక్తి పనిచేసే రంగాలు) ఎంచుకుంటే సరిపోతుంది. కానీ తూమును మాత్రం గట్టిగా బిగించింది. దేవుడుంటే అతని ధర్మవర్తనకు (మంచి-చెడు, ధర్మం-అరాచకం కొలతల్లో నిలిచే చోటుకు) ఒక్క అడుగు దూరం లోపలే క్లెరిక్ వర్తన ఉండాలి. రోజూ ఒకే సమయాన గంటసేపు ప్రార్థన చేయాలి; ఆ సమయం తప్పితే మర్నాటిదాకా కొత్త మంత్రాలు లేవు. గడిచిన 8 గంటల్లో వాడిన మంత్రాలు కొత్త రోజు లెక్కలోనే పడతాయి, కాబట్టి రాత్రి కాపలాలో యుద్ధం జరిగి మంత్రాలు ఖర్చయితే తెల్లవారి ప్రార్థనలో ఆ మేరకు ఖాళీలు నిండవు. కొత్త ఆటగాళ్లు తరచుగా మర్చిపోయేది ఇదే. దేవుడి నియమావళిని ఘోరంగా మీరితే మంత్రాలతో పాటు వర్గశక్తులన్నీ పోయి, కవచం, డాలు, సాధారణ ఆయుధాలు వాడే నైపుణ్యం మాత్రమే మిగులుతుంది. తిరిగి రావాలంటే అటోన్‌మెంట్ అనే 5వ స్థాయి మంత్రం మరొకరు వేయాలి. తెలిసి చేసిన తప్పయితే వేసేవాడు తన లెవెల్ పెంచే అనుభవం లెక్క లోంచి 500 పాయింట్లు వదులుకోవాలి. అంటే ప్రాయశ్చిత్తం ఖర్చు తప్పుచేసినవాడిది కాదు, క్షమించేవాడిది. ఆ నియమం రాసినవాళ్లు దాని లోతు ఎంతవరకు ఆలోచించారో గానీ, బల్ల దగ్గర అది చక్కటి సన్నివేశాలు పుట్టిస్తుంది: 500 పాయింట్లు వదులుకోమని ఎవరిని అడుగుతారు, వాళ్లు బదులుగా ఏం కోరతారు?

2008 నాటి నాలుగో ఎడిషన్ తూమునే తీసేసింది. అక్కడ క్లెరిక్‌కు శక్తి వచ్చేది దీక్ష వల్ల. ఒకసారి దీక్ష జరిగాక ఆ శక్తిని దేవుడు రోజూ ఇవ్వడు, కోపం వచ్చి తీసుకోడు. హిరణ్యకశిపుడి వరం ఇదే. చాలామందికి ఇది నచ్చలేదు. భక్తి ఉద్యోగంలా మారిందన్నారు. నా మటుకు నాకు ఆ విమర్శ తొందరపాటు అనిపిస్తుంది. గుడి తగలబెట్టిన క్లెరిక్ చేతిలో శక్తి అలాగే ఉంటే ఆమెను ఆపాల్సింది ఆకాశం కాదు, ఆమెకు దీక్ష ఇచ్చిన గుడి పెద్దలు. శత్రువు మీద పడే మంత్రమూ వాళ్ల మీద పడే మంత్రమూ ఒకటే. మతసంస్థల మధ్య రాజకీయం నడపాలనుకునే ఆటకు ఇంతకన్నా మంచి పునాది లేదు.

ఐదో ఎడిషన్ మీద అయోమయం ఎక్కువ, ఎందుకంటే అది కాలువ గురించి స్పష్టంగా చెప్పి తూము గురించి మౌనంగా ఉండిపోయింది. 2014 పుస్తకం ప్రకారం మంత్రశక్తి అంతా వీవ్ అనే ఒకే వల ద్వారా నడుస్తుంది. మాంత్రికుడు చదువుతో ఆ వలను అందుకుంటాడు. క్లెరిక్‌కు ఆ అందుబాటును దైవశక్తి కల్పిస్తుంది. ఇది పట్టుకుంటే ఎప్పుడూ వచ్చే ఒక సందేహం తీరుతుంది: దేవుడిచ్చిన మంత్రాన్ని మామూలు మాంత్రికుడు కౌంటర్‌స్పెల్‌తో ఎలా ఆపగలడు, డిస్పెల్ మ్యాజిక్‌తో ఎలా చెరపగలడు? అతను ఆపుతున్నది దేవుణ్ణి కాదు, కాలువను. నీళ్లు ఏ చెరువువైనా గట్టు తెగితే తెగినట్టే.

కాలువ నియమాలే బల్ల దగ్గర ఎక్కువ తప్పులు తెస్తాయి. పవిత్ర చిహ్నం మూడు రూపాల్లో ఉండవచ్చు: తాయెత్తు, డాలు మీద ముద్ర, అవశేషాలుంచే చిన్న పెట్టె, ధర 5 బంగారు నాణేలు. ముద్ర డాలు మీద ఉంటే, వస్తువు అవసరమైన బ్లెస్ లాంటి మంత్రాలకు డాలు పట్టుకున్న చెయ్యే చాలు, సంజ్ఞ కూడా ఆ చేత్తోనే. కానీ గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్‌కు మాట, సంజ్ఞ కావాలి, వస్తువు అక్కర్లేదు. వస్తువు లేని మంత్రానికి చిహ్నం పట్టిన చెయ్యి సంజ్ఞకు పనికిరాదు, ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. ఒక చేత డాలు, ఒక చేత గద ఉన్న క్లెరిక్ గదను ముందు దోపుకోవాలి. ఆ మలుపులో దాన్ని తిరిగి తీసే వీలుండదు, మధ్యలో శత్రువు తప్పించుకుపోతుంటే కొట్టడానికి చేతిలో ఆయుధం ఉండదు. వార్ క్యాస్టర్ అనే ఫీట్ (అదనపు నైపుణ్యం) తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది. గాయాలు మాన్పే మరో మంత్రం హీలింగ్ వర్డ్‌కు మాట ఒక్కటే చాలు, కాబట్టి రెండు చేతులూ నిండిన క్లెరిక్‌కు అదే దిక్కు. అయితే శబ్దాన్ని ఆపే సైలెన్స్ మంత్రం పరిధిలో చిక్కుకుంటే అదీ పోతుంది.

ధర రాసి ఉన్న వస్తువుకు చిహ్నం బదులు కాదు. చనిపోయి నిమిషం దాటని మనిషిని లేపే రివివిఫైకి 300 బంగారు నాణేల వజ్రాలు కావాలి, మంత్రంతో అవి ఖర్చయిపోతాయి. 10 రోజుల లోపు శవాన్ని లేపే రెయిజ్ డెడ్‌కు 500 విలువైన వజ్రం. అడవిలో మిత్రుడు పడిపోయాక 'దేవుడు దయచూస్తే చాలదా' అని ఆటగాళ్లు అడుగుతారు. చాలదు. ఈ నియమం దేవుణ్ణి చిన్నబుచ్చడం లేదు. కాలువకూ ఒక ఖర్చుందని చెబుతోంది. ఐదో లెవెల్ క్లెరిక్‌కు 3వ స్థాయి స్లాట్లు (రోజుకు ఎన్ని మంత్రాలు వేయవచ్చన్న లెక్క) రెండే, కాబట్టి సంచిలో వజ్రాలు ఎన్ని ఉన్నా రోజుకు లేపగలిగేది ఇద్దరినే.

చెరువు స్వయంగా కదిలే చోటు ఒకటుంది: పదో లెవెల్లో వచ్చే డివైన్ ఇంటర్వెన్షన్. 2014 నియమంలో నూరు ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకె లెవెల్‌కు సమానంగానో తక్కువగానో ఉంటే దేవుడు జోక్యం చేసుకుంటాడు. పదో లెవెల్లో అంటే 10 శాతం. విఫలమైతే సుదీర్ఘ విశ్రాంతి తర్వాత మళ్లీ అడగవచ్చు. ఫలిస్తే 7 రోజులు ఆగాలి. రోజుకొకసారి చొప్పున వారం అడిగితే కనీసం ఒక్కసారి పలికే అవకాశం 52 శాతం దగ్గర ఉంటుంది. 2024 సవరణలో పాచిక తీసేశారు: 5వ స్థాయి దాకా ఏ క్లెరిక్ మంత్రమైనా స్లాటు, వస్తువులు లేకుండా, సుదీర్ఘ విశ్రాంతికి ఒకసారి ఖాయంగా పడుతుంది. వాడకానికి అది బాగుంది. అయితే పాత నియమంలో ఆటగాడు నిజంగా మొక్కుకునేవాడు. ఆ క్షణం కొత్తదాంట్లో లేదు.

నియమాల పుస్తకం ఒకలా చెబితే లోకం మరోలా చెప్పవచ్చు, ఆ రెండూ ఢీకొంటే లోకానిదే పైచేయి. డీ అండ్ డీ కథాలోకాల్లో ఒకటైన ఫర్గాటెన్ రెల్మ్స్‌లో, ఆ లోకపు లెక్కలో 1358వ సంవత్సరాన దేవతలను భూమ్మీదికి తోసేసినప్పుడు, తన దేవుడికి మైలు దూరం లోపల ఉన్న పూజారికే మంత్రాలు పలికాయి. ఆ గండం గడిచాక దేవతల బలం భక్తులను బట్టి ఉంటుందని దేవతలకే పైవాడైన 'ఏవో' అనేవాడు శాసించాడు. అంటే అక్కడ చెరువులోకి నీళ్లు వచ్చేది పొలాల వైపు నుంచే. డ్రాగన్‌లాన్స్ లోకంలో మహాప్రళయం తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా మంచి దేవతల నిజమైన క్లెరిక్ అంటూ లేడు, గోల్డ్‌మూన్ అనే పాత్ర వచ్చేదాకా. డార్క్ సన్ లోకంలో దేవతలే లేరు. క్లెరిక్‌లు నేల, గాలి, నిప్పు, నీరు నుంచి శక్తి తీసుకుంటారు, టెంప్లార్లు అనే రాజోద్యోగులు తమ మాంత్రిక రాజు నుంచి తీసుకుంటారు. టైర్ నగరపు రాజు కలాక్ చచ్చిన రోజున అతని టెంప్లార్ల మంత్రాలూ చచ్చాయి.

కీత్ బేకర్ సృష్టించి 2004లో అచ్చయిన ఎబెరాన్ లోకం అన్నిటికన్నా సాహసం చేసింది. అక్కడ దేవతలు ఉన్నారో లేరో తేలదు. క్లెరిక్ వర్తన దేవుడి వర్తనతో కలవక్కర్లేదు. రక్తంలోనే దైవత్వం ఉందని నమ్మే బ్లడ్ ఆఫ్ వోల్ పూజారికీ, కువాటుల్ అనే రెక్కల సర్పాల త్యాగం లోంచి పుట్టిన సిల్వర్ ఫ్లేమ్ పూజారికీ ఒకేలా మంత్రం పలుకుతుంది. లంచగొండి మతాధికారి చేతిలోనూ పలుకుతుంది, తను చేసేది సరైనదేనని అతను మనసారా నమ్మినంత కాలం. ఇలాంటి ఆటలో మంత్రం పలకడం దేవుడు మెచ్చాడనడానికి రుజువు కాదు. దానివల్ల కథలో మతపరమైన అనుమానానికి మొదటిసారి నిజమైన చోటు దొరుకుతుంది.

వేరే ఆటలూ చూడాలి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో దైవమంత్రం కావాలంటే ఆత్మబలాన్ని సూచించే పవ్ అంకెను శాశ్వతంగా అర్పించాలి; భక్తుడు తనలో కొంత దేవుడికి ఇచ్చేస్తున్నాడు. 2018 రూపంలో అలా సంపాదించిన రూన్ పాయింట్లు ఖర్చయ్యాక పండగ రోజు పూజలో పాల్గొంటే తిరిగి నిండుతాయి, అందువల్ల పంచాంగమూ ఆటలో భాగమైపోతుంది. 2012 నాటి డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ప్రతి మంత్రానికీ పాచిక వేయాలి. విఫలమైన ప్రతిసారీ దేవుడి అసంతృప్తి పరిధి ఒకటి పెరుగుతుంది. మొదట 1 పడితేనే ప్రమాదం, మూడుసార్లు తప్పాక 1 నుంచి 4 దాకా ప్రమాదమే. 50 బంగారు నాణేల విలువైనది అర్పిస్తే ఒకటి తగ్గుతుంది, రాత్రి గడిస్తే మొదటికి వస్తుంది. తూమును పూర్తిగా మూయకుండా రోజంతా కాస్త కాస్త దించుతూ పోవడం ఇది.

కాబట్టి ఆట మొదలుపెట్టే ముందు క్లెరిక్ ఆడేవారితో పది నిమిషాలు కూర్చుని మూడు మాటలు తేల్చుకోండి. నీ శక్తి ఎవరిది? దేవుడా, దేవతల సమూహమా, తత్వమా? రోజూ అది నీ దగ్గరికి ఎలా వస్తుంది? ప్రార్థనా, దీక్షా, అర్పణా? దాన్ని ఎవరైనా ఆపగలరా, ఆపితే దేనికి? మూడో దానికి కనీసం మూడు నిర్దిష్టమైన తప్పులు రాయించండి. 'దేవుడికి నచ్చని పని' అని రాస్తే పనికిరాదు. 'శరణన్నవాణ్ణి చంపడం', 'శవాన్ని లేపి పనికి వాడుకోవడం' అన్నట్టు బల్ల దగ్గర ఎవరు చూసినా జరిగిందో లేదో చెప్పగలిగేలా ఉండాలి. పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్ ప్రతి దేవుడికీ చేయవలసినవి, చేయకూడనివి ముందే అచ్చువేసి ఈ పని సులువు చేసింది.

శక్తి ఆపాల్సి వస్తే ఒక్క దెబ్బతో అంతా తీసేయకండి. మంత్రాలు లేని క్లెరిక్ అంటే బలహీనమైన సైనికుడు. ఆ ఆటగాడు మూడు గంటలు ఊరికే కూర్చుంటాడు. 1979 మెట్లను ఐదో ఎడిషన్‌కు ఇలా మలుచుకోవచ్చు. మొదటి తప్పుకు శకునం: చిహ్నం చేతిలో చల్లబడుతుంది, అంకెల్లో ఏ మార్పూ ఉండదు. రెండోదానికి డొమైన్ మంత్రాలు ఆగుతాయి, ఎందుకంటే అవి ఆ దేవుడి ప్రత్యేక కానుక. మూడోదానికి ఛానెల్ డివినిటీ (మంత్రాలు కాకుండా క్లెరిక్‌కు ఉండే దైవశక్తి), 3వ స్థాయి, ఆ పైన మంత్రాలు ఆగుతాయి. 1, 2 స్థాయిలు ఎప్పటికీ ఉంటాయి, అవి ఆమె చదువు. ప్రతి మెట్టు దగ్గరా తిరిగి వచ్చే దారి ఏమిటో అదే రోజు చెప్పేయాలి. అది దాచి ఉంచితే ఆటగాడికి అది కథలా కాక శిక్షలా తోస్తుంది.

గుడి తగలబెట్టిన క్లెరిక్‌కు అది మూడో తప్పు అనుకుంటే, ఈ పద్ధతిలో ఆమె తెల్లారి బ్లెస్ రాసుకుంటుంది, అది వస్తుంది. స్పిరిచువల్ వెపన్ 2వ స్థాయి, అదీ వస్తుంది, యుద్ధం డొమైన్‌లో కానుకగా వచ్చేదైతే తప్ప. రివివిఫై దగ్గర చెయ్యి ఆగిపోతుంది. సంచిలో 300 నాణేల వజ్రాలు అలాగే ఉంటాయి, ఆ రోజు ఆమె పక్కన ఎవరు పడిపోతారో ఇంకా తెలియదు.